అడిగితే డేటా ఇస్తామంటారు, ఓసారి అడిగి చూడండి

సైన్స్ పేపర్లు చదివే అలవాటున్నవాళ్ళు చివర్లో ఒక వాక్యం చూసే ఉంటారు. ఈ అధ్యయనంలో వాడిన డేటా కావాలంటే తగిన కారణం చెప్పి రచయితలను అడగవచ్చు, ఇస్తాం, అని. చాలా మర్యాదైన వాక్యం. 2022లో వచ్చిన ఒక అధ్యయనం కోసం కొందరు పరిశోధకులు ఆ మర్యాదను నిజంగానే పరీక్షించారు. ఇలా రాసిన 1,792 పేపర్ల రచయితలకు మెయిల్ పెట్టి, డేటా పంపండి అని అడిగారు. పంపింది 122 మంది. నూటికి ఏడుగురు కూడా కాదు. కొందరు కుదరదన్నారు, ఎక్కువమంది అసలు జవాబే ఇవ్వలేదు.

ఇది చదవగానే సైంటిస్టులంతా ఏదో దాస్తున్నారని అనుకోవడం తేలిక. మోసాలు లేకపోలేదు, వాటి సంగతి తర్వాత చూద్దాం. కానీ చాలామంది విషయంలో అసలు కారణం అంతకంటే చిన్నది, ఒక రకంగా అంతకంటే సిగ్గుపడాల్సినది: ఆ ఫైలు ఎక్కడుందో వాళ్ళకే తెలీదు.

ఒక మామూలు ల్యాబ్ తీసుకోండి. పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి ఐదేళ్ళు కూర్చుని కొలతలు తీస్తుంది. అవి కొన్ని ఆమె లాప్‌టాప్‌లో, కొన్ని ల్యాబ్ కంప్యూటర్‌లో, కొన్ని పెన్‌డ్రైవ్‌లో ఉంటాయి. ఫైళ్ళ పేర్లు ఫైనల్, ఫైనల్ టూ, రియల్ ఫైనల్, సార్ కరెక్షన్ల తర్వాత ఫైనల్. పేపర్ వస్తుంది, డిగ్రీ వస్తుంది, ఆమె పోస్ట్‌డాక్‌కి ఏ జర్మనీయో వెళ్ళిపోతుంది, యూనివర్సిటీ ఇచ్చిన మెయిల్ ఐడీ ఆగిపోతుంది, గైడ్ దగ్గర మిగిలేది గ్రాఫులు అతికించిన ఒక పీపీటీ. మూడేళ్ళ తర్వాత బ్రెజిల్ నుంచి ఎవరో డేటా కావాలని మెయిల్ పెడితే దానికి జవాబు ఇచ్చేవాళ్ళెవరు? ఇక్కడ ఎవరూ ఏమీ దాచలేదు. ఎవరూ భద్రపరచనూ లేదు.

మొక్కలు, జంతువుల కొలతల మీద వచ్చిన 516 పేపర్లను తీసుకుని కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్ళు చేసిన అధ్యయనం ఒకటి 2014లో వచ్చింది. రెండేళ్ళ కిందటి పేపర్ల నుంచి 22 ఏళ్ళ కిందటి వాటిదాకా రచయితలను వెతికి పట్టుకుని డేటా అడిగారు. పేపర్ వయసు ఒక్కో ఏడాది పెరిగేకొద్దీ డేటా మిగిలి ఉండే అవకాశం 17 శాతం చొప్పున పడిపోతోందని తేలింది. అందులో చాలా వాటికి ప్రభుత్వాల డబ్బు, అంటే జనం డబ్బు, ఖర్చయి ఉంటుంది. పైగా 1993లో ఒక చెరువులోని కప్పల్ని ఎవరైనా కొలిచి ఉంటే, ఆ కొలతలు పోయాక ఎన్ని కోట్లు పోసినా 1993 తిరిగి రాదు.

డేటా పోవడమంటే మనకు వెంటనే తోచేది డిస్క్ పాడవడం. అదీ జరుగుతుంది. క్యోటో విశ్వవిద్యాలయం సూపర్ కంప్యూటర్‌లో 2021 డిసెంబర్‌లో బ్యాకప్ తీయాల్సిన ప్రోగ్రామే, అప్‌డేట్‌లో జరిగిన పొరపాటు వల్ల, 77 టెరాబైట్ల పరిశోధన ఫైళ్ళని చెరిపేసింది. దక్షిణ కొరియాలో 2025 సెప్టెంబర్‌లో దేజాన్‌లోని ప్రభుత్వ డేటా సెంటర్ తగలబడితే, ప్రభుత్వోద్యోగులు ఫైళ్ళు దాచుకునే 858 టెరాబైట్ల క్లౌడ్ మొత్తం బూడిదైంది. సైజు మరీ పెద్దదని దానికి వేరేచోట బ్యాకప్ పెట్టలేదట! ఇలాంటివి వార్తల్లోకి వస్తాయి కాబట్టి జనం బ్యాకప్ గురించి కాస్తో కూస్తో ఆలోచిస్తారు. మూడు కాపీలు ఉంచండి, రెండు రకాల పరికరాల్లో ఉంచండి, ఒకటి వేరే ఊళ్ళో ఉంచండి అనే లెక్క ఐటీలో పనిచేసే మనవాళ్ళలో చాలామందికి తెలుసు.

అసలు చిక్కు డిస్క్ బాగానే ఉన్నప్పుడు మొదలవుతుంది. చంద్రుడి మీద అపోలో దిగడానికి చోటు వెతకడానికి 1966, 67ల్లో నాసా లూనార్ ఆర్బిటర్ అని ఐదు నౌకలు పంపింది. అవి తీసిన ఫోటోల సిగ్నళ్ళని పెద్ద పెద్ద టేపుల మీద రికార్డు చేశారు. ఆ టేపుల్ని పారేయడానికి ఒప్పుకోని నాన్సీ ఎవాన్స్ అనే నాసా ఉద్యోగిని వాటిని కాపాడింది. వాటిని చదవగల ఫ్రిజ్ అంత సైజు ఆంపెక్స్ యంత్రాలు దొరికితే తెచ్చి ఏళ్ళ తరబడి తన ఇంటి గ్యారేజీలో పెట్టుకుంది. చివరికి 2008లో కొందరు ఔత్సాహికులు ఆ యంత్రాల్ని కాలిఫోర్నియాలోని నాసా ఏమ్స్ కేంద్రంలో మూతపడ్డ ఒక మెక్‌డొనాల్డ్స్ హోటల్లోకి చేర్చి, విడిభాగాలు వెతికి, రిటైరైన ఇంజినీర్లని పట్టుకుని, మళ్ళీ పనిచేయించారు. చంద్రుడి అంచు మీదుగా భూమి కనిపించే 1966 నాటి ఫోటో అప్పట్లో ప్రపంచం చూసినదానికంటే ఎంతో స్పష్టంగా బయటికొచ్చింది. టేపులు మంచివే. వాటిని చదివే యంత్రం, ఆ యంత్రాన్ని బాగుచేయగల మనిషి, ఆ రెండే కరువయ్యాయి. అపోలో 11కి ఆ అదృష్టం కూడా దక్కలేదు. మనిషి చంద్రుడి మీద మొదటిసారి కాలు పెట్టినప్పటి అసలు నాణ్యత సిగ్నల్ ఉన్న టేపుల్ని టేపుల కొరత వచ్చి చెరిపేసి మళ్ళీ వాడేసి ఉంటారని నాసా 2009లో ఒప్పుకుంది. ఇప్పుడు మనం చూసేది టీవీ ప్రసారాల కాపీల్ని శుభ్రం చేసి తీసినది.

ఇంతకంటే మెత్తగా చచ్చే డేటా ఇంకోటుంది. ఫైలు ఉంటుంది, తెరుచుకుంటుంది, అంకెలు కనిపిస్తాయి, అవేమిటో ఎవరికీ తెలీదు. కాలమ్ పేరు టీ2 అని ఉంటే అది రెండో టెంపరేచరా, రెండో ట్రీట్‌మెంటా? గడిలో మైనస్ 999 ఉంటే అది నిజం కొలతా, కొలత తీయలేదని గుర్తా? జర్మనీలో జేడ్ అనే కణ భౌతిక ప్రయోగం 1986లో ముగిసింది. పదేళ్ళ తర్వాత కొత్త సిద్ధాంతాలతో ఆ డేటాని మళ్ళీ విశ్లేషించాలనుకుంటే, అది లేకపోతే లెక్కలే కదలని ఒక సమాచారం కంప్యూటర్‌లో లేదు. పాత ప్రింటవుట్లలో దొరికితే కూర్చుని మళ్ళీ టైపు చేశారు. ప్రోగ్రాములు అప్పటికే ఎవరూ వాడని భాషలో ఉన్నాయి. అయినా పట్టువదలకుండా బతికించారు, దానివల్ల మంచి ఫలితాలొచ్చాయి, ఎందుకంటే ఆ శక్తి స్థాయిలో ప్రయోగం మళ్ళీ ఎవరూ చేయలేదు.

ఎక్సెల్ ఇంకో రకం శత్రువు. జన్యువుల్లో మార్చ్1, సెప్ట్2 లాంటి పొట్టి పేర్లున్నాయి. వాటిని ఎక్సెల్‌లో టైపు చేయగానే అది తెలివి చూపించి మార్చి ఒకటి, సెప్టెంబర్ రెండు అని తేదీలుగా మార్చేస్తుంది. ఇలా పాడైన జాబితాలు ఎన్నున్నాయో 2016లో లెక్కేస్తే, ఎక్సెల్‌లో జన్యువుల జాబితాలు జతచేసిన పేపర్లలో దాదాపు ఐదో వంతు బయటపడ్డాయి. 2020లో చివరికి ఏం చేశారో తెలుసా? జన్యువుల పేర్లే మార్చారు. మైక్రోసాఫ్ట్ దిగొచ్చి ఆ మార్పిడిని ఆపుకునే వీలు ఇచ్చింది 2023లో. ఒక స్ప్రెడ్‌షీట్ కోసం జీవశాస్త్రం తన పదకోశాన్ని సవరించుకుందంటే నవ్వాలో ఏడవాలో నాకైతే తెలీదు.

అయితే డేటా వందేళ్ళు బతకాలంటే ఏం కావాలి? దీనికి మన హైదరాబాద్‌లోనే ఒక మంచి సాక్ష్యం ఉంది, చాలామందికి తెలీదు. ఆకాశంలోని నక్షత్రాలన్నిటినీ ఫోటోలు తీసి వాటి స్థానాలు కొలవాలని 1887లో పారిస్‌లో ఖగోళ శాస్త్రవేత్తలు తీర్మానించుకుని, ఆకాశాన్ని పట్టీలుగా కోసి వేధశాలలకి పంచుకున్నారు. చిలీ దేశం తన వంతు పని చేయలేకపోయింది. ఆ పట్టీ, అంటే ఖగోళ మధ్యరేఖకి దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల దాకా, హైదరాబాద్‌లోని నిజామియా వేధశాలకి వచ్చింది. నవాబ్ జఫర్ జంగ్ అనే జాగీర్దారు సొంత డబ్బుతో మొదలుపెట్టిన వేధశాల అది. ఆయన పోయాక నిజాం ప్రభుత్వం తీసుకుని బేగంపేటకి మార్చింది. 8 అంగుళాల టెలిస్కోపుతో గాజు పలకల మీద రాత్రుళ్ళు ఫోటోలు, పగళ్ళు ఒక్కో చుక్కనీ కొలిచి రాసుకోవడం. టి.పి. భాస్కరన్ లాంటివాళ్ళ ఆధ్వర్యంలో దశాబ్దాల పాటు ఇదే పని. అది చాలదన్నట్టు జర్మనీలోని పోట్స్‌డామ్ పూర్తిచేయలేకపోయిన ఉత్తరపు పట్టీలో కొంత భాగాన్ని కూడా మనవాళ్ళే చేసిపెట్టారు. లక్షల నక్షత్రాల కొలతలు సంపుటాలుగా అచ్చయ్యాయి.

ఆ తర్వాత ఆ పుస్తకాలని పెద్దగా ఎవరూ తెరవలేదు. ఎందుకంటే వాటిలో ఉన్నవి ఆకాశంలోని స్థానాలు కావు, ఫోటో పలక మీద కొలిచిన దూరాలు. ప్రతి వేధశాల తనకి తోచిన పద్ధతిలో రాసుకుంది. అన్నిటినీ కలపాలంటే మనుషులకి సాధ్యమయ్యే పని కాదు. 1980ల చివర్లో మొదలుపెట్టి 1990ల మధ్యకల్లా ఆ అంకెలన్నిటినీ కంప్యూటర్లలోకి ఎక్కించారు, అమెరికా నౌకాదళ వేధశాల వాటిని ఒకే లెక్కలోకి తెచ్చి, 46 లక్షల నక్షత్రాల జాబితాగా 1997లో విడుదల చేసింది. అప్పటికి యూరప్ వాళ్ళ హిప్పార్కస్ ఉపగ్రహం కొత్త స్థానాలు కొలిచి ఉంది. పాత స్థానం ఇదీ, కొత్త స్థానం ఇదీ, మధ్యలో గడిచిన కాలం ఇంత. దీంతో 25 లక్షల నక్షత్రాలు ఏడాదికి ఎంత కదులుతున్నాయో తేలి, 2000లో టైకో 2 జాబితా వచ్చింది. ఉపగ్రహం ఎంత గొప్పదైనా వందేళ్ళ వెనక్కి వెళ్ళి కొలవలేదు కదా. ఆ పని బేగంపేటలో జరిగిపోయింది.

ఇక్కడ కాగితం గొప్పదని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆ అంకెల పక్కన ఏ పలక, ఏ తేదీ, ఎలా కొలిచారు, ఏ స్థిరాంకాలు వాడారు అన్నది అచ్చువేశారు. పైగా ఆ సంపుటాలు ప్రపంచమంతా లైబ్రరీలకి వెళ్ళాయి. ఒకచోట చెదలు పట్టినా ఇంకోచోట ఉంటాయి. పంచుకోవడం, భద్రపరచడం అని మనం రెండు పనుల్లా మాట్లాడతాం గానీ, నా లెక్కలో అవి ఒకే పని. పదిమంది చేతుల్లో ఉన్నదే బతుకుతుంది, ఎందుకంటే ఎవరో ఒకరు దాన్ని తెరిచి ఇది అర్థం కావట్లేదండీ అని అడుగుతారు, అప్పుడు వివరం రాసిపెట్టాల్సి వస్తుంది, ఫార్మాట్ మార్చాల్సి వస్తుంది. అటకెక్కించిన డేటాని ఎవరూ ఏమీ అడగరు.

పంచుకుంటే ఏమవుతుందో చూడాలంటే ప్రొటీన్ డేటా బ్యాంక్ కథ చాలు. 1971లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్‌లో ఏడు ప్రొటీన్ల ఆకారాలతో మొదలైంది. ఒక్కో ఆకారం కనుక్కోవడానికి ఏళ్ళు పట్టేది, కొందరికి జీవితమే పట్టింది. ఫలితాన్ని అందరికీ ఇచ్చేయాలంటే మొదట్లో చాలామంది మొండికేశారు. రానురాను పెద్ద జర్నళ్ళు డేటా అక్కడ జమచేస్తేనే పేపర్ వేస్తామని మెడమీద కత్తి పెట్టాక దారికొచ్చారు. యాభై ఏళ్ళలో అక్కడ లక్షా డెబ్భై వేలకి పైగా ఆకారాలు పోగయ్యాయి. ఆ పోగు మీదే ఆల్ఫాఫోల్డ్ అనే ఏఐ ప్రొటీన్ల ఆకారాలు ఊహించడం నేర్చుకుంది, దాన్ని తయారుచేసినవాళ్ళకి 2024లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. ఏఐ గొప్పతనం గురించి వచ్చిన వార్తల్లో ఈ డేటా బ్యాంక్ ప్రస్తావన ఎన్నింటిలో ఉందో నాకు అనుమానమే.

క్రెడిట్ మాట వచ్చింది కాబట్టి ఇంకో కథ, ఇది మన పటాన్‌చెరుదే. అక్కడున్న అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో దక్కన్ ప్రాంతంలో ఆరు ఊళ్ళు ఎంచుకుని ఒక సర్వే మొదలుపెట్టింది. వాటిలో రెండు, ఔరేపల్లి, డోకూర్, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోవి. ఊరికి 40 కుటుంబాలు, 30 వ్యవసాయం చేసేవి, 10 కూలి కుటుంబాలు. మెట్ట పంటలు, అప్పులు, కూలి, పశువులు, తిండి ఖర్చు అన్నీ. ఇన్వెస్టిగేటర్లు ఆ ఊళ్ళోనే కాపురం ఉండి కొన్ని వారాలకోసారి ప్రతి ఇంటికీ వెళ్ళి రాసుకునేవాళ్ళు. ఏళ్ళ తరబడి ఇలా సాగింది. ఈ డేటాని ఇక్రిశాట్ తన దగ్గరే పెట్టుకోకుండా బయటి పరిశోధకులకి ఇచ్చింది. దాంతో ఏమైందంటే, వర్షం పడకపోతే పల్లె కుటుంబం ఎలా నెట్టుకొస్తుంది అనే ప్రశ్న మీద ప్రపంచంలో వచ్చిన ఆర్థికశాస్త్ర పేపర్లలో మహబూబ్‌నగర్ మెట్ట ఊరు మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. రాబర్ట్ టౌన్సెండ్ 1994లో రాసిన ప్రసిద్ధమైన పేపర్ ఈ డేటా మీద నిలబడిందే. ఒక కుటుంబం ఆదాయం పడిపోయినా దాని తిండి ఖర్చు అంతగా పడిపోదు, ఊరి సగటుతో పాటే కదులుతుంది అని ఆయన చూపించాడు. అంటే ఊళ్ళో చేబదుళ్ళూ అప్పులూ ఒక రకం ఇన్సూరెన్స్‌లా పనిచేస్తున్నాయన్నమాట.

బావుంది. కానీ ఔరేపల్లిలో కాపురం ఉండి, ఎండలో ఇల్లిల్లూ తిరిగి, చెప్పడానికి ఇష్టపడని అప్పుల లెక్కలు నమ్మకంగా రాబట్టిన ఇన్వెస్టిగేటర్‌కి ఏం దక్కింది? మహా అయితే కృతజ్ఞతల్లో ఒక వాక్యం. డేటా పంచుకోవడానికి వెనకాడేవాళ్ళని స్వార్థపరులని తిట్టేముందు ఈ ప్రశ్నకి జవాబు చెప్పాలి. మన యూనివర్సిటీల్లో ప్రమోషన్‌కి లెక్కపెట్టేది పేపర్లని. పదిమందికి పనికొచ్చేలా డేటాసెట్ తయారుచేయడానికి ఏడాది పట్టినా దానికి మార్కులు లేవు. 2016లో ఒక పేరున్న అమెరికన్ వైద్య పత్రిక సంపాదకీయంలోనైతే, ఇతరుల డేటా తీసుకుని పేపర్లు రాసేవాళ్ళని కొందరు పరాన్నజీవులుగా చూస్తున్నారని రాశారు. దాని మీద పెద్ద గొడవైంది, సంపాదకులు వివరణ ఇచ్చుకున్నారు. మాట మోటుదే, దాని వెనకున్న భయం మాత్రం నిజమైనదే.

దేశాల మధ్య ఈ భయం ఇంకా పెద్దది. 2007లో ఇండోనేషియా బర్డ్ ఫ్లూ వైరస్ నమూనాలు పంపడం ఆపేసింది. మా దగ్గర చనిపోయినవాళ్ళ నుంచి తీసిన వైరస్‌తో మీరు వ్యాక్సిన్ చేసి, మాకే కొనలేని ధరకి అమ్ముతారా అని వాళ్ళ వాదన. ధనిక దేశాల వాళ్ళు గోల పెట్టారు గానీ, ఆ అడగడంలో తప్పేముంది? ఆ గొడవల నేపథ్యంలోనే 2008లో జీఐఎస్‌ఏఐడీ అనే వేదిక వచ్చింది. అక్కడ వైరస్ జన్యుక్రమాలు ఎవరైనా చూడొచ్చు, కానీ పేరు నమోదు చేసుకోవాలి, డేటా ఇచ్చిన ల్యాబ్ పేరు చెప్పాలి. కోవిడ్ కాలంలో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీతో సహా ప్రపంచంలోని ల్యాబులెన్నో తమ సీక్వెన్సులు అందులో పెట్టాయి. అదే కోవిడ్‌లో 2021 నవంబర్‌లో దక్షిణాఫ్రికా వాళ్ళు ఒమిక్రాన్‌ని పసిగట్టి, వెంటనే ప్రపంచానికి చెప్పారు. దానికి దక్కిన బహుమానం, రోజుల్లోనే విమానాల రద్దు. తర్వాతిసారి ఇంకో దేశం అంత తొందరగా చెప్తుందా అంటే నేను మాత్రం హామీ ఇవ్వలేను.

మన దేశంలో డేటా ఆగిపోయింది ఇంకోచోట. 2021 ఏప్రిల్ చివర్లో, రెండో వేవ్‌లో ఆక్సిజన్ కోసం జనం పరుగులు పెడుతున్న రోజుల్లో, వందలమంది భారతీయ శాస్త్రవేత్తలు ప్రధానమంత్రికి విజ్ఞప్తి చేశారు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దగ్గర పరీక్షల డేటా ఉంది, దాన్ని పరిశోధకులకి అందుబాటులో పెట్టండి, లేకపోతే వ్యాప్తిని అంచనా వేయలేం, అని. అలాగని 2012 నుంచే మనకి ప్రభుత్వ డేటాని పంచుకునే జాతీయ విధానం ఉంది. విధానం కాగితం మీద ఉంటే ఫైళ్ళు వాటంతటవి బయటికి రావని తెలియడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

ఇక మోసం సంగతి. 2020 మే 22న లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక పేపర్ వచ్చింది. 671 ఆసుపత్రులు, 96 వేల మంది కోవిడ్ రోగులు, హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడితే మరణాలు పెరుగుతున్నాయని. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుల్లోనే తన ట్రయల్లో ఆ మందుని తాత్కాలికంగా ఆపింది. డేటా మొత్తం సర్జిస్ఫియర్ అనే చిన్న కంపెనీది. ఆస్ట్రేలియా మరణాల అంకె ఆ దేశపు అధికారిక లెక్కతో పొసగట్లేదని కొందరు గమనించారు, ప్రశ్నలు మొదలయ్యాయి, స్వతంత్ర పరిశీలకులకి డేటా ఇమ్మంటే కంపెనీ కుదరదంది. జూన్ 4న పేపర్‌ని వెనక్కి తీసుకున్నారు. ఆ మందు పనిచేయదన్నది తర్వాత మంచి ట్రయల్సులో విడిగా తేలింది, అది వేరే విషయం. అసలు డేటాని కళ్ళతో చూడకుండా అంత పెద్ద పత్రిక ఎలా వేసిందన్నదే ఇక్కడ ప్రశ్న.

అలాగని అన్నీ బయట పెట్టేయడమూ కుదరదు. పేర్లు తీసేస్తే చాలు అనుకునే అమాయకత్వం 1997లోనే పోవాల్సింది. అమెరికాలో మసాచుసెట్స్ ప్రభుత్వం తన ఉద్యోగుల వైద్య రికార్డుల్ని పేర్లు తీసేసి పరిశోధకులకి ఇస్తే, లతాన్యా స్వీనీ అనే విద్యార్థిని ఓటర్ల జాబితా కొనుక్కుని, పుట్టినతేదీ, పిన్‌కోడ్, ఆడా మగా అనే మూడింటినీ కలిపి, సాక్షాత్తూ గవర్నర్ రికార్డునే పట్టేసింది. మన దగ్గర ఇంకా సులువు. ఊరి పేరు తెలిసి, నలభై ఇళ్ళలో ఒకటని తెలిసి, రెండు బావులు, నలుగురు కూతుళ్ళు, ఫలానా ఏడాది ట్రాక్టర్ కొన్నారు అని ఉంటే, ఆ ఊరివాళ్ళకి ఇంటి పేరు చెప్పాలా ఏమిటి? అరుదైన జంతువులు, మొక్కలు ఎక్కడున్నాయో చెప్పే మ్యాపులూ అంతే, వేటగాళ్ళు కూడా డౌన్‌లోడ్ చేసుకోగలరు. అందుకే 2016లో కొందరు శాస్త్రవేత్తలు ప్రతిపాదించిన ఫెయిర్ సూత్రాల్లో అన్నీ ఉచితంగా అందరికీ ఇచ్చేయమని లేదు. డేటా ఉందని వెతికితే తెలియాలి, ఏ షరతులతో అందుతుందో స్పష్టంగా రాసుండాలి, వేరే డేటాతో కలిపి వాడుకునే రూపంలో ఉండాలి, మళ్ళీ వాడటానికి కావలసిన వివరం ఉండాలి, అంతే. తాళం వేయొచ్చు, తాళంచెవి ఎవరి దగ్గరుందో తలుపు మీద రాసుండాలి.

ఈ తలుపుల్ని ఎవరు కాపలా కాస్తారు, జీతం ఎవరిస్తారు అనేది ఇంకా తేలని లెక్క. కొత్త ప్రయోగానికి గ్రాంటు దొరుకుతుంది గానీ పాత డేటాబేస్ నడపడానికి ఎవరూ ఉత్సాహంగా డబ్బివ్వరు. మొక్కల జన్యుశాస్త్రంలో అందరూ వాడే టేర్ అనే డేటాబేస్‌కి అమెరికా ప్రభుత్వ నిధులు ఆగిపోతే 2013 నుంచి చందాల మీద బతుకుతోంది. ప్రభుత్వ సర్వర్లో ఉంటే శాశ్వతం అనుకునేవాళ్ళకి 2025 గట్టి దెబ్బే కొట్టింది. జనవరి చివర్లో అమెరికాలో వ్యాధుల నియంత్రణ సంస్థ సీడీసీ ఆరోగ్య డేటా పేజీలు చాలా మాయమయ్యాయి, కొన్ని కోర్టు ఆదేశంతో తిరిగొచ్చాయి. వంద కోట్ల డాలర్లకి పైగా నష్టం చేసిన విపత్తుల జాబితాని ఆ దేశపు వాతావరణ, సముద్ర సంస్థ నోవా మే నెలలో ఆపేసింది. లైబ్రేరియన్లు, స్వచ్ఛంద కార్యకర్తలు రాత్రింబవళ్ళు కూర్చుని ప్రభుత్వ డేటాసెట్లని కాపీ చేసి వేరేచోట్ల పెట్టారు. సంపన్న దేశంలోనే పరిస్థితి ఇదైతే ఒక్క దేశం, ఒక్క సంస్థ, ఒక్క బడ్జెట్ మీద ఆధారపడటం తెలివైన పని కాదు.

మన దగ్గర కదలిక లేకపోలేదు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్, హిందూ మహాసముద్రంలో తేలుతూ నీటి వేడి, ఉప్పదనం కొలిచే ఆర్గో పరికరాల డేటాకి ప్రాంతీయ కేంద్రంగా ఉంది. ప్రపంచ సముద్రాల్లోని దాదాపు 4,000 ఆర్గో పరికరాల కొలతలు ఎక్కువశాతం 24 గంటల్లోపే అందరికీ అందుతాయి. ఫరీదాబాద్‌లో జీవశాస్త్ర డేటా కోసం జాతీయ కేంద్రం 2022లో మొదలైంది. చంద్రయాన్ డేటాని ఇస్రో ఆన్‌లైన్‌లో పెడుతోంది. మామూలు యూనివర్సిటీలో మామూలు పీహెచ్‌డీ దగ్గరికొచ్చేసరికే అంతా ఆగిపోతుంది. థీసిస్ పీడీఎఫ్, దేశంలోని థీసిస్‌లు దాచే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో చేరుతుంది, అది నియమం కాబట్టి. ఆ పీడీఎఫ్ వెనకున్న అసలు ఫైళ్ళు ఎక్కడ పెట్టావు అని మాత్రం ఎవరూ అడగరు.

ఎవరూ అడగకపోయినా చేయడానికి డబ్బు ఖర్చేమీ లేదు. యూరప్ కణ భౌతిక ప్రయోగశాల సెర్న్ వాళ్ళు 2013 నుంచి నడుపుతున్న జెనోడో వెబ్‌సైట్‌లో ఎవరైనా ఖాతా తెరిచి, ఒక్కో డేటాసెట్ 50 జీబీ దాకా ఉచితంగా పెట్టుకోవచ్చు. దానికి డీఓఐ అనే శాశ్వత నంబర్ వస్తుంది. వెబ్‌సైట్ చిరునామా మారినా ఆ నంబర్ ఫైలు దగ్గరికే తీసుకెళ్తుంది, దాన్ని పేపర్‌లా ఉటంకించవచ్చు, అంటే క్రెడిట్‌కి కాస్త దారి దొరికినట్టే. గూగుల్ డ్రైవ్ లింకు, ల్యాబ్ వెబ్‌సైటు, గిట్‌హబ్ ఈ పనికి చాలవు, ఖాతా పోతే అన్నీ పోతాయి. ఎక్సెల్ ఫైలుతో పాటు సాదా సీఎస్వీ (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలు) కాపీ ఒకటి, ఏ కాలమ్ ఏమిటి, యూనిట్లు ఏమిటి, ఖాళీ గడికి అర్థమేమిటి, ఏ పరికరంతో ఎప్పుడు కొలిచారు అని రాసిన రీడ్‌మీ ఒకటి, ఎవరు ఎలా వాడుకోవచ్చో చెప్పే లైసెన్స్ ఒకటి. ముడి కొలతల్ని సవరించకుండా విడిగా ఉంచండి. అంటార్కిటికా మీద ఓజోన్ రంధ్రాన్ని బ్రిటిష్ వాళ్ళు 1985లో ప్రకటించినప్పుడు, నాసా ఉపగ్రహం డేటాలో ఆ మరీ తక్కువ అంకెలు అనుమానాస్పదమని గుర్తుపెట్టి పక్కన ఉన్నాయి. పారేయలేదు కాబట్టే వెనక్కి వెళ్ళి మళ్ళీ లెక్కేసి, రంధ్రం నిజమేనని, ఖండమంత ఉందని చూపించగలిగారు.

పేపర్ రాకముందే ఎవరైనా మన డేటా ఎత్తుకుపోతారేమో అనే టెన్షన్ ఉంటే, ఆరు నెలలో ఏడాదో గడువు పెట్టి ఆ తర్వాతే తెరుచుకునేలా జమచేయొచ్చు. అందులో తప్పు బయటపడితే పరువు పోతుందనే భయానికీ దారి ఉంది. సరిచేసిన ఫైలుని కొత్త వెర్షన్‌గా పెడితే పాతది దాని నంబర్‌తో అలాగే ఉంటుంది, ఏ పేపర్ ఏ వెర్షన్ మీద రాశారో చదివేవాళ్ళకి తెలుస్తుంది. యూనివర్సిటీ మెయిల్ ఐడీతో మాత్రం ఖాతా తెరవకండి, వైవా అయిన కొన్నాళ్ళకి అది మూతపడుతుంది.